మా అమ్మను కార్పొరేటర్‌గా నిలబడమంటున్నారు, గెలిస్తే మేయర్ అంటున్నారు. అసలు మేయర్ బతుకు ఎలా ఉంటుంది?

కల్లూరు అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది కర్నూలు, కల్లూరు వైపు. అమ్మకు 52 ఏళ్లు. ఇరవై ఏళ్లకు పైగా ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పింది, ఇప్పుడు ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తుంది. మా వీధికి ఏ అర్జీ పెట్టాలన్నా అమ్మ చేతిరాతే. మూడేళ్ల కింద మురుగుకాలువ పూడిక తీయించడానికి ఆరు అర్జీలు రాసి, ప్రతిదానికీ రసీదు అడిగి తీసుకుని, ఆ రసీదులన్నీ మా తమ్ముడి పాత జామెట్రీ బాక్సులో దాచుకుని తిరిగింది. చివరికి పని జరిగింది. ఆ బాక్సు ఇప్పటికీ టీవీ పక్కనే ఉంటుంది.

పోయిన వారం ఒక పార్టీ వాళ్లు ఇంటికొచ్చారు. టీచరమ్మా, మీరు కార్పొరేటర్‌గా నిలబడండి, మీకు బీ-ఫారం (పార్టీ అభ్యర్థి అని ఇచ్చే పత్రం) ఇప్పించే పూచీ మాది, రిజర్వేషన్ కలిసొస్తే మేయర్ కుర్చీ కూడా మీదే అన్నారు. మేం ముగ్గురం పిల్లలం కాబట్టి ఇన్నాళ్లూ అమ్మకు పోటీ చేసే అర్హతే లేదు. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు అడుగుతున్నారు.

నాకు టెన్షన్ ఎక్కడంటే, మా చిన్నాయన అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాడు. ఆయన చిన్న చిన్న సిమెంటు రోడ్ల పనులు చేయిస్తుంటాడు. 'వదినా, నువ్వు కుర్చీలో కూర్చో చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా' అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. అమ్మ మాత్రం రాత్రి అన్నం తినేటప్పుడు ఒకే మాట అడిగింది, 'మేయర్ పొద్దున లేచి ఏం పని చేస్తారే?' అని. నా దగ్గర జవాబు లేదు. రిబ్బన్ కత్తిరించడం, దండలు వేయించుకోవడం తప్ప మేయర్ చేసే పని నేను ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. మాకు ఓటు పాణ్యం నియోజకవర్గంలో, ఇల్లు కర్నూలు కార్పొరేషన్లో, ఎవరు దేనికి బాధ్యులో కూడా సరిగ్గా తెలియదు.

తెలిసినవాళ్లు చెప్పండి. చేతిలో అధికారం ఎంత? ఇంటి పరిస్థితి ఏమవుతుంది? ఐదేళ్లయ్యాక ఆ మనిషి ఎక్కడుంటారు? పార్టీల గొడవ వద్దు, దయచేసి.

కౌన్సిల్ సెక్షన్ పెద్దాయన

అమ్మా, నేను సీమలో నాలుగు మున్సిపాలిటీలు తిరిగి, చివర ఒక కార్పొరేషన్లో రిటైరైనవాణ్ణి. పేర్లు వద్దు. ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్లోనే చేశాను. అజెండా తయారు చేయడం, సభ్యుల ఇళ్లకు పంపించడం, మీటింగులో మినిట్స్ రాయడం నా పని. ఛైర్మన్లను, మేయర్లను వాళ్ల కుర్చీకి నాలుగడుగుల దూరంలో కూర్చుని చూశాను. మీ అమ్మగారు అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఎన్నికైన తర్వాత కూడా చాలామంది అది అడగరు.

ముందు అధికారం సంగతి. మేయర్‌ను నగర ప్రథమ పౌరుడు అంటారు, ప్రథమ పౌరురాలు అంటారు. కానీ సిబ్బందిని నడిపేది, బిల్లులు చెల్లించేది, నోటీసులు ఇచ్చేది కమిషనర్. ఆయన రాష్ట్ర ప్రభుత్వం వేసిన అధికారి, మేయర్ వేసిన మనిషి కాదు, మేయర్ తీసేయగలిగిన మనిషీ కాదు. మన కార్పొరేషన్లు ఇప్పటికీ హైదరాబాద్ కోసం చేసిన 1955 నాటి చట్టం చట్రంలోనే నడుస్తాయి, దానికి తోడు 1994లో ఇంకో చట్టం వచ్చింది. మేయర్ చేతిలో ఉండేది సభ. కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత, స్టాండింగ్ కమిటీకి (సభ్యుల్లో కొందరితో ఉండే చిన్న సంఘం) అధ్యక్షత. ఏ పని చేయాలి, ఏ డబ్బు దేనికి వాడాలి, బడ్జెట్ ఎంత అనేది అక్కడ తీర్మానం కావాలి. 74వ రాజ్యాంగ సవరణ ద్వారా 12వ షెడ్యూల్లో 18 అంశాలు పట్టణ సంస్థలకు రాసిపెట్టారు, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. కాగితం మీద రాసినదంతా చేతికి రాలేదు, అది వేరే సంగతి.

అందుకని మేయర్ బలమంతా అజెండాలో ఉంటుందమ్మా. ఇది నేను ఊరికే చెప్పడం లేదు. ఒక మేయర్ ఉండేవారు, ఆయన చదివింది ఏడో తరగతి, మొదట్లో కిరాణా కొట్టు. అజెండా ఇంటికి పంపిన రాత్రే కూర్చుని ఎర్ర పెన్సిలుతో ప్రతి అంశం పక్కన ఒక ప్రశ్న రాసేవారు. 'ఈ పైపు ఎన్ని మీటర్లు', 'ఇదే వీధికి పోయిన ఏడాది కూడా వేశారు కదా', 'ఈ అంచనా ఎవరు వేశారు'. తెల్లారేసరికి ఆ కాగితాలు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చేవారు. ఇంజనీర్లు ఆయన ముందు కూర్చోవడానికి రెండుసార్లు లెక్క చూసుకుని వచ్చేవాళ్లు. ఆయన తర్వాత వచ్చిన ఇంకొకరు పెద్ద చదువు చదివినవారే, మాట చాలా మృదువు, కానీ మీటింగులో కూర్చున్నాకే కవరు చించేవారు. మీటింగు మధ్యలో టేబుల్ అజెండా అని నాలుగు కాగితాలు పెడితే అవి చదవకుండానే ఆమోదం, ఆమోదం, ఆమోదం. అంతకు ముందే చేసేసిన పనులకు తర్వాత ఒప్పుకోలు తీసుకోవడం కూడా అందులోనే పోతుంది. మూడేళ్లయ్యాక ఆడిట్ అభ్యంతరాలు వస్తే తలపట్టుకున్నారు. మీ అమ్మగారు లెక్కల టీచరు, రసీదులు దాచుకునే మనిషి అన్నారు. నాకు అది చదవగానే ధైర్యం వచ్చింది.

ఇక పొద్దున లేచి ఏం చేస్తారని అడిగారు కదా. ఎండాకాలంలో పొద్దున కూడా కాదు, తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్. నీళ్లు. కర్నూలులో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, పక్కనే తుంగభద్ర, ఊరి మధ్యలో హంద్రీ, అయినా ఏప్రిల్, మే నెలల్లో సుంకేసుల బ్యారేజీలో నీటిమట్టం ఎంత, సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో ఎన్ని రోజులకు సరిపడా ఉంది అనే మాటే ఆఫీసంతా. ఫలానా వీధికి మూడు రోజుల నుంచి రాలేదు, ఫలానా చోట మురుగు కలిసి వస్తోంది, వాల్వ్ తిప్పే మనిషి ఒక వైపు ఎక్కువ తిప్పాడు. నేను చెప్పిన ఏడో తరగతి మేయర్‌గారు ఒకరోజు స్కూటర్ వేసుకుని వాల్వ్ దగ్గరికి తనే పోయారు. నేనూ వెనక కూర్చుని పోయాను. చీకట్లో గుంతలో దిగి ఆ వాల్వ్ మనిషి చేతిలో ఇనుప రాడ్డుతో తిప్పుతున్నాడు, ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధికి నీళ్లు ఎక్కుతాయో ఆయనకు కంఠతా, ఎక్కడా రాసి లేదు. మేయర్‌గారు అక్కడే కూర్చుని టార్చి లైటు పట్టించుకుని ఒక నోటుబుక్కులో చుట్లు రాసుకున్నారు. ఆ తర్వాత నీళ్ల మీద ఎవరు ఫోన్ చేసినా ఆయన జవాబు వేరేగా ఉండేది.

పదింటికి ఆఫీసు. అర్జీలు, సిఫారసులు, బదిలీ ఆపమని, పింఛను రాలేదని (అది తమ పని కాకపోయినా వినాలి). మధ్యాహ్నం ఏదో ప్రారంభోత్సవం. సాయంత్రం పరామర్శలు. మాఘమాసంలో ఒక్కరోజే పది పదకొండు పెళ్లిళ్లు, అక్షింతలు వేసి అన్నం తినకుండా వచ్చేస్తే వాళ్లకు కోపం, తింటే ఈయనకు షుగర్. చావు కబురు వస్తే అర్ధరాత్రి అయినా పోవాల్సిందే. పెళ్లికి రాకపోతే మర్చిపోతారు గాని చావుకు రాకపోతే ఎవరూ మర్చిపోరు.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నా, డ్యూటీ మీద మమ్మల్ని కూడా పంపించారు. నీళ్లు తీశాక పాతబస్తీలో మోకాళ్ల దాకా బురద, ఇళ్లలోంచి తీసి వీధిలో వేసిన పరుపులు, బియ్యం మూటలు, చచ్చిన పశువులు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన పారిశుధ్య కార్మికులు రోజుల తరబడి ఎత్తారు. అలాంటి రోజున బ్లీచింగ్ ఎన్ని బస్తాలుంది, ట్యాంకర్లు ఎన్ని, జనరేటర్ ఎక్కడ అని తెలిసిన మనిషి కుర్చీలో ఉంటే ఒక రకం, తెలియకపోతే ఇంకో రకం.

మీ చిన్నాయన సంగతి కింద విడిగా రాస్తాను, అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

మాజీ కార్పొరేటరమ్మ, కడప

చెల్లీ, నేను ఒక టర్ము కార్పొరేటర్‌గా చేశాను. మేయర్ కాదు. కానీ ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చుంటే చుట్టూ ఏం జరుగుతుందో బాగా చూశాను.

మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లకే. నామినేషన్ నాడు ఫొటోలో మనం ఉంటాం, గెలిచిన తెల్లారి నుంచి ఫోన్ మా ఆయన జేబులో ఉంటుంది. నా సంగతే చెప్తాను. మొదటి ఆరు నెలలు నా పేరు మీద తీసిన నంబరుకు ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తి 'చెప్పండి' అనేవాడు. మీటింగుకు పోతే వాళ్లు నాతో మాట్లాడకుండా బయట వరండాలో నిలబడిన మా ఆయన దగ్గరికి పోయేవాళ్లు. ఒకరోజు ఒక ముసలామె మా ఇంటికొచ్చి గంట సేపు కూర్చుంది. మా ఆయన ఊళ్లో లేడు. నేను అడిగితే 'కార్పొరేటర్ సారు వచ్చినాక చెప్తాలేమ్మా' అంది. కార్పొరేటర్ నేనే అవ్వా అన్నాను. ఆమె నా మొహం చూసి 'అవునా తల్లీ' అంది, అంతే, ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆ రాత్రే ఫోన్ తీసుకున్నాను. ఇంట్లో పది రోజులు మాటల్లేవు. తర్వాత ఆయనే అర్థం చేసుకున్నాడు, చెడ్డ మనిషి కాదు, అలవాటు అంతే.

కాబట్టి మీ అమ్మ మొదటి రోజే చేయాల్సింది ఏమిటంటే తన ఫోన్ తనే ఎత్తడం. రెండోది, ఆఫీసులో తన గదిలో తన పక్కన ఇంకో కుర్చీ వేయనీయకుండా ఉండడం. ఒక మున్సిపాలిటీలో నేను చూశాను, ఆమె కుర్చీ పక్కన అదే ఎత్తు కుర్చీలో భర్త. అధికారులు కాగితం ఆయన వైపు తిప్పి పెట్టేవాళ్లు, ఆయన చదివి తలూపితే ఆమె సంతకం. ఆమె డిగ్రీ చదివిన మనిషి. ఎంత బాధేసిందో.

ఇంకోటి, ఇప్పటి పరిస్థితి మా కాలంలా లేదు. 2019 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. శానిటేషన్‌కు ఒక సెక్రటరీ, రోడ్లు నీళ్లకు ఒక సెక్రటరీ, ప్లానింగుకు ఒకరు. జనం అర్జీ అక్కడే ఇస్తారు. మంచిదే, ముసలివాళ్లు ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది. కానీ కార్పొరేటర్‌కు తెలియకుండానే వార్డులో పనులు జరిగిపోతుంటాయి, తప్పు జరిగితే మాత్రం తిట్టేది కార్పొరేటర్‌నే. పన్నుల సంగతీ అంతే. 2021లో పాలకవర్గాలు కూర్చున్న కొద్ది నెలలకే ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేసే పద్ధతి వచ్చింది, ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని హద్దు పెట్టారు గాని పెరగడం పెరిగింది కదా. అదే ఏడాది చెత్తకు కూడా చార్జీ పెట్టారు, 2024లో దాన్ని తీసేశారు. పెట్టిందీ తీసిందీ పైవాళ్లు. బిందె పట్టుకుని, చెత్తబుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగేది మాత్రం మనల్నే.

అయినా నిలబడమనే చెప్తాను. మా వార్డులో అంగన్‌వాడీ పక్కన తెరిచి ఉన్న కాలువ మీద బండలు వేయించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ దారిలో పోతుంటే పిల్లలు ఆ బండల మీద కూర్చుని బొమ్మలాట ఆడుకుంటుంటారు. నేను ఎవరో వాళ్లకు తెలియదు. నేను మాత్రం అక్కడ బండి ఆపి రెండు నిమిషాలు చూసి వెళ్తాను.

అనంతపురం విలేకరి

ఐదేళ్లయ్యాక ఎక్కడుంటారని అడిగారు కాబట్టి ఆ ఒక్కదాని మీద రాస్తాను, మిగతాది పెద్దలు చెప్పారు.

మొదట ఒకటి చెప్పాలి. మేయర్ కుర్చీ మీదే అని ఇప్పుడే ఎవరు మాటిచ్చినా నమ్మొద్దు. ఏ నగరం మేయర్ పదవి ఎవరికి రిజర్వు అవుతుందో, ఏ డివిజన్ ఎవరికో, ఎన్నికల ముందు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చాకే తెలుస్తుంది. ఒకప్పుడు మేయర్‌కు జనమే నేరుగా ఓటేసేవాళ్లు. 2005 నుంచి కార్పొరేటర్లు చేతులెత్తి ఎన్నుకుంటున్నారు, పార్టీ విప్ (ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ఉంటుంది, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలకు కూడా ఎక్స్ అఫీషియో ఓటు, అంటే పదవి రీత్యా వచ్చే ఓటు ఉంటుంది. అంటే జనంలో ఎంత మంచి పేరున్నా చివరి రోజు పార్టీ నుంచి వచ్చే కవరులో ఏ పేరుందో అదే. పోయినసారి 2021 మార్చి 10న పోలింగ్, 14న లెక్కింపు, 18న మేయర్ల ఎన్నిక జరిగాయి. కరోనా వల్ల అంతకు ముందు ఏడాది మధ్యలో ఆగిపోయిన ఎన్నికలు అవి.

కర్నూలు వాళ్లు ఇంకో నష్టం చూశారు. 2010లో పాలకవర్గం గడువు ముగిస్తే 2014లో కడప, అనంతపురం, నెల్లూరు లాంటి చోట్ల ఎన్నికలు జరిగాయి గాని కర్నూలులో జరగలేదు. 2021 దాకా దాదాపు పదకొండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. ఒక తరం నాయకులు కార్పొరేటర్ కాకుండానే పెద్దవాళ్లయిపోయారు. ఒకప్పుడు, 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు, ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు. ఆ రాజధాని క్యాంపుల గుర్తే ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు. అలాంటి ఊరికి పదకొండేళ్లు మేయర్ లేకపోవడం చిన్న విషయం కాదని నేను గట్టిగా అనుకుంటాను. ఇంకో చిక్కు, మీరే అన్నారు, కర్నూలు కార్పొరేషన్ మూడు అసెంబ్లీ నియోజకవర్గాల్లోకి పరుచుకుని ఉంది, కర్నూలు, పాణ్యం, కోడుమూరు. మేయర్ ముగ్గురు ఎమ్మెల్యేలతో సర్దుకోవాలి. మా అనంతపురంలో ఆ బాధ తక్కువ.

ఇప్పుడు పదవి తర్వాత. అందరికీ ఒకే దారి లేదు. కడప కార్పొరేషన్ అయ్యాక మొదటి మేయర్ పి. రవీంద్రనాథ్ రెడ్డి, తర్వాత 2014లో, 2019లో కమలాపురం ఎమ్మెల్యే అయ్యారు. ఆయన వెనక పెద్ద రాజకీయ కుటుంబం ఉంది, ఆ లెక్క అందరికీ వర్తించదు. కర్నూలులో 2021లో మేయర్ అయిన బి.వై. రామయ్య 2024లో ఎంపీగా పోటీ చేసి ఓడిపోయారు. విజయవాడలో పంచుమర్తి అనురాధ 2000లో మేయర్ అయ్యేటప్పటికి ఆమెకు 26 ఏళ్లు, చట్టసభకు ఎన్నికైంది 2023లో, ఎమ్మెల్సీగా. మధ్యలో ఎన్నేళ్లో లెక్క వేసుకోండి. తాడిపత్రిలో తిరగబడ్డ దారి కూడా ఉంది, జె.సి. ప్రభాకర్ రెడ్డి ఎమ్మెల్యేగా చేసి తర్వాత 2021లో మున్సిపల్ ఛైర్మన్ కుర్చీకి వచ్చారు. చిన్న పదవి అనుకోలేదు ఆయన.

పాత కాలంలో ఈ కుర్చీకి విలువ వేరు. కర్నూలు రాజధానిగా ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు మొదట రాజమండ్రి మున్సిపల్ ఛైర్మన్. పటేల్ అహ్మదాబాద్ మున్సిపాలిటీ నడిపారు, రాజాజీ సేలం, సుభాష్ చంద్రబోస్ కలకత్తా మేయర్. పన్ను ఎట్లా వసూలవుతుంది, పాకీ పని ఎవరు చేస్తున్నారు, నీళ్ల పైపు ఎక్కడ పగిలింది అని చూసి వచ్చిన మనుషులు వాళ్లు.

కర్నూలు మాజీ మేయర్ బంగి అనంతయ్యగారి పేరు కూడా చెప్పాలి. సమైక్యాంధ్ర ఉద్యమంలో రకరకాల వేషాలు వేసుకుని రోడ్డెక్కి నిరసన చెప్పిన మనిషి. కొందరు తేలిగ్గా మాట్లాడతారు, నాకది నచ్చదు. పదవి పోయిన మాజీ మేయర్ మాట ఎవరి చెవికీ ఎక్కదు, తన మాట వినిపించడానికి ఆయన తన ఒంటినే వాడుకున్నారు.

మధ్యలో దించేస్తారా అంటే దించొచ్చు. నాలుగేళ్ల దాకా అవిశ్వాసం పెట్టడానికి లేదు, ఆ తర్వాత మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 2025 ఏప్రిల్ 19న విశాఖలో 74 ఓట్లు కావాల్సి ఉంటే సరిగ్గా 74 పడ్డాయి, మేయర్ దిగిపోయారు. పై ప్రభుత్వం మారితే కింద కుర్చీ కూడా కదులుతుంది, ఇది ఏ పార్టీకైనా ఒకటే.

మేస్త్రి కొడుకు

మా నాయన మున్సిపాలిటీలో శానిటరీ మేస్త్రిగా చేశాడు, మా అమ్మ ఇప్పటికీ వీధులు ఊడుస్తుంది. నేను రెండు ముక్కలే చెప్తా.

పొద్దున ఐదింటికి మస్టర్ (పారిశుధ్య కార్మికుల హాజరు వేసే చోటు) దగ్గరికి మీ అమ్మగారిని ఒక్కసారి రమ్మనండి. గెలిచినాక కాదు, ఇప్పుడే. ఆడవాళ్లు చీకట్లో ఎక్కడి నుంచి నడిచొస్తారో, అక్కడ వాళ్లకు బాత్రూం ఉందో లేదో, చేతికి గ్లౌజులు ఎన్ని నెలలకు ఒకసారి వస్తాయో చూడమనండి. మా అమ్మ గ్లౌజులు చిరిగితే పాల కవర్లు చుట్టుకుని పోయేది. మా నాయన సర్వీసులో చాలామంది ఛైర్మన్లను చూశాడు, మస్టర్ దగ్గరికి వచ్చింది ఒక్కరే. ఆయన వచ్చి ఏమీ ప్రసంగం చేయలేదు, టీ తాగి, పేర్లు అడిగి, పోయాడు. నాయన ఆ మాట చనిపోయేదాకా చెప్పుకున్నాడు.

కౌన్సిల్ సెక్షన్ పెద్దాయన

మేస్త్రి కొడుకు రాసింది నిజం. నేను అదే మొదట రాయాల్సింది.

అమ్మాయీ, మీ చిన్నాయన విషయం. కార్పొరేషన్ సభ్యులు ఆ కార్పొరేషన్ కాంట్రాక్టుల్లో నేరుగా గాని వెనక నుంచి గాని లాభం పొందకూడదు, పదవికే ముప్పు. ఇంట్లోవాళ్ల పేరు మీద పని ఉన్నా ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు, విచారణ వస్తుంది, కోర్టు వస్తుంది, పేరు పేపర్లో వస్తుంది. అందుకని నామినేషన్ వేసే ముందే ఆయన ఈ కార్పొరేషన్ పనులు మానుకోవాలి, లేదా అమ్మగారు నిలబడడం మానుకోవాలి. మధ్య దారి లేదు. 'నేను చూసుకుంటా' అనేవాళ్లు ఎంత ప్రేమగా అన్నా సరే, రేపు సంజాయిషీ నోటీసు వచ్చేది ఆమె పేరు మీద. ఇంకో మాట, గెలిచినా ఓడినా ఎన్నికల ఖర్చు లెక్కలు గడువులోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే అనర్హత వేస్తారు. ఆ పని కూడా వేరేవాళ్లకు వదలొద్దు.

ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. గౌరవ వేతనం మీద ఇల్లు నడవదమ్మా. వచ్చేపోయేవాళ్లకు టీలు, పెళ్లి చదివింపులు, పండగలకు చందాలు, వినాయకుడికి, పీర్ల పండక్కి, క్రిస్మస్‌కు. ఇంట్లో కూర్చుని ముందే ఒక హద్దు గీసుకోండి. నేను చూసినవాళ్లలో ఒకరు ఐదేళ్లలో రెండు ప్లాట్లు అమ్ముకున్నారు, అప్పు ఇచ్చినవాళ్లు తర్వాత పనులు అడిగారు, ఆయన కాదనలేకపోయారు. మంచి మనిషి చెడిపోవడం మొదలయ్యేది ఇక్కడి నుంచే ఎక్కువగా చూశాను.

కల్లూరు అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. మొత్తం అమ్మకు చదివి వినిపించాను. కడప అక్క రాసిన అవ్వ సంగతి దగ్గర ఆపమని, మళ్లీ చదివించుకుంది.

ఆదివారం పొద్దున నన్ను లేపి మస్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. వాళ్లు మొదట ఎవరో ఆఫీసర్లు అనుకుని పక్కకు జరిగారు. అమ్మ ఫ్లాస్కులో టీ తీసుకెళ్లింది, సరిపోలేదు, పక్క హోటల్లో ఇంకో పన్నెండు చెప్పింది. ఒకామె అమ్మ దగ్గర చదివిన పిల్లవాడి తల్లి. ఆమె చేతులు చూసి అమ్మ వచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు.

చిన్నాయనకు విషయం చెప్పాం. 'నాకు రావాల్సిన బిల్లులు ఉన్నాయి, ఇప్పుడెట్లా మానుకునేది' అన్నాడు. అమ్మ 'అయితే బిల్లులు వచ్చేదాకా నేను ఆగుతా, నువ్వు కొత్త పని పట్టుకోకు' అంది. ఆయన అలిగి రెండు రోజులుగా రావడం లేదు. పార్టీ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే అమ్మే ఎత్తి, రిజర్వేషన్ ఉత్తర్వు రాకుండా మేయర్ మాట ఎత్తొద్దని, వార్డు వరకు మాట్లాడదామని చెప్పింది.

పెద్దాయనకు ఒక ప్రశ్న, ఇది అమ్మే అడగమంది. సభ్యులు కాకపోయినా కౌన్సిల్ మీటింగు పాత మినిట్స్, పోయిన ఏడాది బడ్జెట్ కాపీ చూడొచ్చా, ఎవరిని అడగాలి?

కౌన్సిల్ సెక్షన్ పెద్దాయన

చూడొచ్చమ్మా. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ తీర్మానాల నకళ్లు' అని తేదీలతో స్పష్టంగా రాయమనండి, ఊరికే వివరాలు కావాలని రాస్తే తిప్పి పంపుతారు. రసీదు తీసుకోమని ఆమెకు నేను చెప్పక్కర్లేదు.